మూడు పిన్నుల తీగ

"ఎపీ కావాలి నాన్నా" అంది.
మహేంద్రతనయ దాటితే ఏపీయే కదా,
పాతపట్నం ఆటోకి ఇరవై చాలు, అన్నాను.
నవ్వి నవ్వి పఖాళ గిన్నె ఒలకబోసుకుంది.
కత్తి పేరట అది.
ఫాయిల్‌కైతే లోహపు జరీ జాకెట్టు కొనాలి, సేబర్‌కీ కొనాలి.
దీనికి ఒళ్లంతా లెక్కే,
కాలి బొటనవేలు కూడా.
అంచేత జాకెట్టు ఖర్చు లేదు.
పేదోళ్ల కత్తన్నమాట, అన్నాను.
పొడుగోళ్ల కత్తి, అంది.
అది పొడుగు కాదు.

గొమాంగో సారు కటక్ నుంచి తెప్పించిన మూడింటినీ
బడి వరండాలో బెంచీ మీద పరిచాడు.
పర్లాకిమిడి స్టేషను దారిలో నాది మోటారు వైండింగు కొట్టు,
కాలిన వార్నిషు వాసన నా చొక్కాల్ని వదలదు.
మెరుపు చూడలేదు నేను.
బ్లేడు పొడవునా సన్నటి గాడి,
గాడిలో జిగురుతో అతికిన రెండు తీగలు.
గోటితో తడుముకుంటూ పోయాను.
మొదటిదానికి మధ్యలో జిగురు లేచింది.
రెండోది మంచిదే, పిస్తోలు పిడి,
దాని వేళ్లు చుట్టూ అందలేదు.
మూడోది సంబల్‌పూర్ పిల్లెవరో వాడి వదిలేసింది,
చేతి గిన్నె నిండా సొట్టలు.
ఇతిశ్రీ ఒక్కో సొట్టా లెక్కపెట్టింది.
పదిహేడు, అంది.
పదిహేడు సార్లు ఆ పిల్ల చెయ్యి తప్పించుకుంది, అంది.
అదే కావాలంది.

మొనకి బరువు పరీక్షట, ఏడువందల యాభై గ్రాములు.
సారు దగ్గరున్న తూకం ఎలకలెత్తుకుపోయాయో ఏమో.
పాత్రో కొట్లోంచి అరకిలో, రెండొందలు, యాభై
అడిగి తెచ్చి మూటకట్టాం.
గుడ్డ బరువు మనకి కలిసిరాదన్నాడు సారు.
కత్తిని నిలబెట్టి మొన మీద మూట దించితే
స్ప్రింగు కుంగిపోయింది.
ఎవరం ఊపిరి తియ్యలేదు.
రోజంతా కందిపప్పు తూచే ఆ ఇనుమును
మెల్లగా
పైకి నెట్టింది.

తీగ దగ్గర మాత్రం నా మాట చెల్లింది.
మూడు పిన్నులు, నడిమిది నడుమ ఉండదు,
ఒక పక్కకి జరిగి ఉంటుంది, తిరగేసి గుచ్చకుండా.
ఎర్ర ప్లగ్గు ముద్దొస్తోందంది, వద్దన్నాను.
గాజులాంటిది తీసుకో.
లోపల తెగితే పైకి కనపడేది.
ఒకటి చాలదట, రెండుండాలట,
ఆట మధ్యలో తీగ చస్తే తప్పు ఆటగాడిదేనట.
రెండోదానికి డబ్బుల్లేవు.
రాత్రి కొట్లో కూచుని నేనే అల్లాను,
మెత్తటి రాగి పోగులు, మూడు రంగుల తొడుగులు.
ఒక కొసన టేపు మీద ఒడియాలో ఇతి అని రాశాను,
ఇంకో కొసన తెలుగులో.
ఒడియా రాత సారు కోసం.

పిల్ల ఒంటి మీద కరెంటేటి, అంది దమయంతి.
టార్చి పాటి కూడా కాదే, అన్నాను గాని
బొటనవేలి కింద తెల్లమచ్చ గోక్కున్నాను,
గుసాణి రైసుమిల్లులో త్రీఫేజు పట్టిన చోటు.
ముప్ఫయ్యేళ్లుగా నేను చేసే పని ఒకటే,
ఎవరికీ తగలకుండా చూడ్డం.
నా కూతురు తగిలించడం నేర్చుకుంటోంది.

వీపు వెనక నుంచి చొక్కా చేతిలోంచి తీగ లాక్కుని
గిన్నెలో గుచ్చుకుంది.
వెనక వేలాడే కొస నా మీటరుకి.
ఎక్కడ పొడవను?
ఒళ్లంతా లెక్కేనన్నావు కదే.
వంగింది, సాగింది,
ఆ పొట్టి పిల్ల అంత దూరం ఎలా వచ్చిందో,
నా చెప్పు అంచున తాకింది.
కీచుమంది మీటరు.
దమయంతి ఉలిక్కిపడి నా కాలు చూసింది.
తగిలిందా నాన్నా?

చెప్పు విడిచి
ఇంకోసారి, అన్నాను.