పన్ను

టొలీడోలో ఈ క్లినిక్ కిటికీ వెనక
నా పని ఫారాలు అందించడం, ఆదాయం అడగడం.
ఇంట్లో ఎంతమంది? ఏడాదికి ఎంతొస్తుంది?
పోయినేటి పన్ను కాగితాలు తెచ్చారా?
రెంటికీ మాకు ఒకటే మాటని
ఇక్కడ ఎవరితో చెప్పను?
పన్ను చూపించుకోవాలంటే
ముందు పన్ను చూపించాలి.

లొరెట్టా ప్రూయిట్, బడి వంటగదిలో వడ్డిస్తుంది.
మఫ్లర్ కింద వాచిన ఎడమ దవడ,
మూడు వారాల లవంగనూనె వాసన.
పంటి బిగువున ఓర్చుకుందామంటే
నొప్పి ఆ పంటిలోనే.

మా పట్టికలో ఒక గీత ఉంటుంది.
కింద ఉన్నవాళ్ళకి నలభై డాలర్లు,
పైన ఉన్నవాళ్ళకి అసలు ధర.
డిసెంబరు మంచు రాత్రుల్లో ఆమె మొగుడు
రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ తోలాడు,
ఒకటిన్నర రెట్లు కూలికి.
గీత దాటి మూడొందల పన్నెండు డాలర్లు.

"అయితే మంచు పడకుండా ఉండాల్సింది" అంది,
నవ్వబోయి చెంప పట్టుకుంది.

వేరు బాగుచేసి తొడుగు వేస్తే పద్నాలుగొందలు,
పీకేస్తే నూటపది.
పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు మావాళ్ళు.
రాళ్ళకీ ధరలుంటాయని ఎవరనుకున్నారు?

ఆమె ఆలోచించలేదు.
లెక్క ఇంటి దగ్గరే వేసుకొచ్చింది:
కారు బ్రేకులు, గ్యాసు బిల్లు, పిల్లాడి ఉబ్బసం పంపు.
"వెనకదేగా, ఎవరికీ కనబడదు."

నా నోట్లో సరిగ్గా అక్కడే
పింగాణీ తొడుగుంది.
మా ఆయన ఆఫీసు బీమా కట్టింది.
ఎంతైందో నాకు గుర్తులేదు,
ఆ వేళ తిన్న ఐస్‌క్రీమ్ గుర్తుంది.
పిలవకుండానే నాలుక అక్కడికి పోయింది.

ఒక్క అంకె.
ఎనిమిదిని మూడుగా ఎక్కిస్తే సరిపోయేది.
వెనక ఎవరూ లేరు, పెన్ను చేతిలోనే ఉంది.
ఎనిమిదిని ఎనిమిదిగానే ఎక్కించాను,
గుండ్రంగా, రెండు సున్నాలూ కలిసేట్టు.

అరగంటకి బయటికొచ్చింది, దూది కరిచి.
నాలుగు ఇరవైలు, మూడు పదులు
ఒక్కొక్కటీ తడిమి బల్ల మీద పెట్టింది.
మాట్లాడలేక అరచేతిలో వేలితో రాసి చూపించింది.
రశీదు కావాలట.
వచ్చే ఏటి పన్నులో
చూపించుకోవాలి కాబోలు.