పదహారో అగ్గిపెట్టె

ఇరవై నాలుగు అగ్గిపెట్టెలు.
బజారు వీధి టీ కొట్లో నెల ముందే చెప్పిపెట్టి
ఖాళీవి ఏరుకొచ్చాను.
అట్ట మీద వరసగా అంటిస్తే
హెప్సిబా అంకెలు వేసింది.
ఏడు మాత్రం ఎప్పట్లాగే
గోడ వైపు తిరిగి నిలబడింది.

లోపలి చీటీలు కెజియా రాసింది,
ఆసుపత్రి మందుల చీటీల వెనక,
రాత్రి డ్యూటీలో, వార్డు నిద్రపోయిన గంటల్లో.
"మునెమ్మవ్వ సూదిలో దారం ఎక్కించు."
"ఉయ్యాల మీద తమ్ముణ్ణి ముందు ఊగనీ."
"ఈరోజు ఎవరి మీదా చాడీలు చెప్పకు."
ఆ రోజు పొద్దుగూకేదాకా
ఇల్లు ఇల్లులా లేదు.

చెప్పింది చేస్తే ఒక గడ్డిపోచ.
మునెమ్మవ్వ వామిలోంచి అడిగి తెచ్చుకున్నవే.
తోతాపురి పెట్టెలో వెయ్యాలి, బాలయేసుకి పడక.
జూన్‌లో జ్యూస్ ఫ్యాక్టరీకి పోవాల్సిన పెట్టె అది,
ఒక పలక విరిగి మాకు మిగిలింది.
ఇంకా మామిడి సొన వాసన.
"ఏసయ్యకి ఈ వాసన ఇష్టమేనా నాయనా?"
ఒబేదుకి నాలుగేళ్ళు.
చిత్తూరులో పుట్టుంటే ఇష్టం కాకేం, అన్నాను.

ఇడ్లీ రేకులో నాలుగు గుంతలు,
నాలుగు కొవ్వొత్తులు, చుట్టూ సరుగుడు రెమ్మలు.
గ్రీమ్స్‌పేటంతా తిరిగినా ఊదావి దొరకలేదు.
తెల్లవాటి మొదట్లో వంకాయరంగు కాగితం చుట్టాం,
మూడోదానికి కెజియా పాత జాకెట్టు
గులాబీ పీలిక.
ఆదివారానికి ఒకటి.
ఒకరు వెలిగించాలి, ఒకరు ఊదాలి.
ఊదేదానికే పోట్లాట.

నాకు ప్రార్థన సరిగా రాదు.
టార్పాలిన్లు కుట్టేవాణ్ణి.
లారీ పట్టాకి చిల్లి ఎక్కడుందో
ఎండకెత్తి చూస్తే తెలుస్తుంది.
మనిషిని ఎక్కడికెత్తి చూడాలో తెలియదు.
అందుకే వాళ్ళు పోచలు వేస్తుంటే
పక్కన కూర్చుంటాను.

పదహారో తేదీ
సముద్రంలో వాయుగుండమన్నారు.
నీవా నది మోత ఇంట్లోకి వినిపిస్తోంది.
ఇంకో నర్సు రాలేక
రెండో డ్యూటీ కూడా కెజియా మీదే పడింది.
కరెంటు లేదు.
పెట్టె తెరిస్తే
చీటీ లేదు.

హెప్సిబా తిప్పింది, దులిపింది,
అరలోకి వేలు పెట్టి చూసింది.
"అమ్మ మరిచిపోయింది."
ఆగమ్మా, నేను రాస్తానంటూ
పెన్ను కోసం చీకట్లో తడుముకున్నాను.

పెన్ను దొరికేసరికి పిల్లలు లేరు.
మామిడి పెట్టె లేదు.

గోడ అవతల మునెమ్మవ్వ కొట్టంలో టార్చి వెలుతురు.
ఆవు మధ్యాహ్నమే ఈనింది.
రేకు చిల్లిలోంచి ధార,
వామి తడిసి ముద్ద.
ఎర్రదూడ లేవబోయి కూలబడుతోంది.
దాని కింద
ఇద్దరివీ కలిపి ముప్పై పోచలు.

"ఏసయ్య పడక కదే అది!"
కోపంగానే అన్నాను.
"ఆయనింకా పుట్టలేదు కదా నాయనా"
దూడ చెవిలో నీళ్ళు తుడుస్తూ ఒబేదు,
"ఇది పుట్టేసిందే."

ముప్పై పోచలు
దూడ ఒక తొడకైనా చాలవు.
ఇంటికి పోయి
మర్నాడు పలమనేరు లారీకి ఇవ్వాల్సిన పట్టా తెచ్చాను.
కొట్టం మీద పరిచి తాళ్ళు బిగిస్తుంటే
హెప్సిబా టార్చి పట్టింది, సగంసేపు నా మొహం మీదే.
మునెమ్మవ్వ గోనెసంచులు పరుస్తూ
"ఈ కాలంలో మామిడి వాసన ఏందబ్బా!" అంటోంది.
వాన చప్పుడు మారింది.
ఆ చప్పుడు నాకు తెలుసు.
ఎక్కడా చిల్లి లేనప్పటిది.

తెల్లారి కెజియా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది,
ఖాళీ పెట్టె చూసింది, అంతా విన్నది.
పదహారోది నిజంగా మరిచావా అంటే
"అది రాయబోయిన రాత్రి మూడు కాన్పులు,
పెన్ను పట్టే తీరికెక్కడిది" అని
కూర్చున్నచోటే నిద్రపోయింది.

హెప్సిబా మాత్రం లెక్క వదల్లేదు.
"ముప్పై ఇచ్చినదానికి
ఒక్క పోచేనా నాయనా?"
రెండు, అన్నాను.
ఒబేదు అయిదు అడుగుతున్నాడు.
బేరం ఇంకా తెగలేదు.