కాపడం

గాజులమండ్యంలో మూతబడిన రంగుల ఫ్యాక్టరీ వెనక
నేలలోకి నలభై ఇనుప గొట్టాలు దించినాం.
కరెంటు పారతా ఉంది. మన్ను కాగతా ఉంది.
రాత్రంతా అంకెలు రాయడం నా పని.
ఎనభై ఆరు. తొంభై ఒకటి.

దొరసానమ్మ కంచె దాకా వచ్చి అడిగింది:
"ఏం నాయనా, భూమికి జొరమా?"
కాదవ్వా, కాపడం, అన్నాను.
ఇంకేం చెప్పాల్సిన పన్లేకపోయింది.
పెనం మీద ఉప్పుమూట వేడిచేసి
ఎన్ని నడుముల పట్టు విడిపించిందో ఆమె.

పదకొండేళ్లుగా ఆమె బావినీళ్లలో టిన్నర్ వాసన.
సంకట్లోనూ అదే.
మొదట ఎనుము మూతిపెట్టి తీసేసిందంట,
మనుషులు ఇంకో రెండేళ్లు తాగినారు.

కోడికూతకు నూరు దాటింది.
లోపలెక్కడో తడి ఆవిరై కదిలింది.
ఇంకిన విషం మన్నును వదిలి
గొట్టం పట్టుకొని పైకొచ్చి
బొగ్గు డ్రమ్ములో చిక్కుకుంది.

ఆ కాస్త చోట మంచు పడినా నిలవడం లేదు.
అవ్వ చెప్పులు విడిచి నిలబడింది,
పాదాలకు వెచ్చగా తగిలిందేమో.
"వానపాములు ఏమైనాయి అబ్బయా?" అంది.

నా కాగితంలో ఆ గడి లేదు.
నూట రెండు, అని రాసినాను.