ఐసు లెక్క

గోల్సు లెక్క నాకు తెలీదు బావూ,
నా నోటుబుక్కులో ఉన్నది ఐసు లెక్క.
కార్తీకంలో మొదటి మేచ్చి, అరవై కేజీలు.
గెలిసినాం.
గెలిసిన నాడు ఐసు మిగిలిపోద్ది,
ఎవుడికీ నొప్పి గుర్తుండదు.

కళింగపట్నం రోడ్డులో ఫేట్రీ కాడ
తెల్లారగట్ల దిమ్మ కోయించి
ఊక జల్లి, గోనె సుట్టి, మోపెట్టు ఎనకాల కట్టి
సిక్కోలు స్టేడియంకి తెచ్చీసరికి
మూడో వంతు రోడ్డే తాగీసేది.
ఆ తడి గీత ఎంబడే వొచ్చీసేవోరు
బడెగ్గొట్టిన గుంటలు.

జట్టుని కొన్నది పలాస జీడిపప్పు షావుకారు.
పప్పుని కట్టినట్టే కుర్రోల్లకీ రేటు కట్టినాడు,
గుండు, బద్ద, నూక.
సుందర్‌గఢ్ నుంచి సిరిల్ టోప్పో గుండు రేటుకొచ్చినాడు.
బారువ నుంచి సూరాడ ధనరాజు,
గోలు కాసీవోడు, నూక రేటుకి.

ధనరాజు నవ్వీవోడు:
"మా అయ్య తన వల్లో ఏటైనా పడాలని గంగమ్మకి మొక్కుతాడు,
నాను నా వల్లో ఏటీ పడకూడదని మొక్కుతాను.
ఆ తల్లి ఎవుడి మాట ఇంటాదో, మావా."

పుష్యంలో ఆ తల్లి అయ్య మాటే ఇన్నాది.
వరసగా అయిదు ఓటమిలు.
నూట పది, నూట ముప్పై, నూట నలబై కేజీలు.
ఒక పేజీ తడిసి అంకెలు అలుక్కుపోనాయి,
అదీ ఓటమే అయ్యుంటాది.
బయటూరు మేచ్చీలకి నాను ఎల్లేదు,
ఐసు బస్సెక్కదు కదా.
రాత్రి పన్నెండుకి ఫోనొచ్చేది,
ఎంతకి ఓడినారో సెప్పీవోరు కాదు,
"రేపు రెండు దిమ్మలు అట్టుకురా" అనీవోరు.

ఒకనాడు సిరిల్ ఫోనులో సూపించినాడు.
ఏదో సలి దేశం,
ఐసు మీదే హాకీ ఆడతన్నారు!
కాల్లకి కత్తులు కట్టుకుని, గొడ్డలి దెబ్బల్లాగ గుద్దుకుంటా.
అంత ఐసు ఎవుడు మోసినాడని అడిగినాను.
ఊరంతా ఐసేనంట.
"మరి దెబ్బ తగిల్తే ఏటి ఎడతారు?" అన్నాను.
సిరిల్‌కి తెలుగు అంత రాదు,
నవ్వి, తన భుజమ్మీది గుడ్డ తిరగేసుకున్నాడు.

ఆఖరి మేచ్చి ఇజీనారం మీద.
గెలిస్తే నాలుగో స్థానం, ఆ పైన ఇంకో వారం జీతం.
రెండుకి రెండు. ఇంకా నిముసం ఉందనగా
బంతొచ్చి ధనరాజు మోకాలికి తగిలినాది,
పేడ్ పట్టీ అప్పటికే తెగిపోయి ఉంది.
గోలు కాలేదు.
గెలుపూ కాలేదు.
జనం లెగిసి, సైకిల్లు తీసుకుని ఎల్లిపోనారు.

సేపల ట్రేలో ఐసు పోసి
ఆడి కాలు అందులో ఎట్టినాను.
ఎవుడూ ఏటీ అన్లేదు.
ఐసు పటుక్కుమని పగిలినాది, ఆ ఒక్కటే సప్పుడు.
"మావా, బంతి ఆగినాదా?" అన్నాడు.
ఆగినాదిరా.

షావుకారు బాకీ పదకొండు వేల మూడొందలు.
"వొచ్చే సీజన్లో సూద్దాం" అన్నాడు,
వొచ్చే సీజనంటే జీడిపప్పుదో హాకీదో అడగలేదు.
ఏప్రిలు పదిహేను, వేట బందు.
పడవలు ఒడ్డెక్కినాయి. ఫేట్రీ మోటారు ఆగిపోనాది.
సెవుల్లో ఆ మోత లేకపోతే
నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న ధనరాజు ఫోను:
వల కుట్టడానికి కిందన కూకుంటే
లెగడానికి ఇద్దరు పట్టాలంట.
"ఐసుందేటి మావా?"

సోడా బడ్డీ కాడ రెండు కేజీలు బతిమాలినాను.
టిఫిను కేరేజీలో కుక్కి, తువ్వాలు సుట్టి
ఇచ్ఛాపురం బస్సెక్కినాను.
టెక్కలి కాడ కండట్రు అడిగినాడు,
నీల్లు కారతన్నాయి, అందులో ఏటున్నాదని.
సోంపేట దాటీసరికి ఏటి మిగులుద్దో
నాకూ తెలీదు.

ఇది నోటుబుక్కులో రాయలేదు.