గాజు శాతం

ముత్తుకూరు దాటాక గాలికి ఉప్పు పడుతుంది.
రాత్రి పదకొండింటికి వ్యాగన్లు దిగాయి.
కాలేషా గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పోశాడు,
"ఏందమ్మా, ఇసకక్కూడా పరీక్షలా?"

ఇసక కాదు కాలేషా,
మొన్నటిదాకా ఇది ఇనుము మీద తేలిన తెట్టు.
పద్నాలుగు వందల యాభై డిగ్రీల దగ్గర
తేనెలా జారుతుంటే
ఎవరో పైపు తిప్పారు.
చన్నీళ్లు, ఒక్కసారిగా, అన్ని వైపుల నుంచీ.

లోపల సున్నం, సిలికా, అల్యూమినా
సంతలో కరెంటు పోయినట్టు
ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.
వరస కట్టుకునే వ్యవధి లేదు.
వేడి పోయింది గానీ
తొందర లోపలే ఉండిపోయింది.
దాన్నే మేం గాజంటాం.

రా, ఈ కటకంలో చూడు.
ఎటు తిప్పినా చీకటిగా ఉన్న గింజ మంచిది.
మెరిసిందా, పనికిరాదు.

మూడో వ్యాగన్ మెరిసింది.
నూటికి డెబ్బై రెండు.
తొట్టిలో నీళ్లు వేడెక్కిపోయాయో,
కాలవలోనే సగం చల్లబడి తీరిగ్గా వచ్చిందో,
అక్కడెవరూ ఒప్పుకోరు.
వాళ్ల కాగితంలో మాత్రం అన్నీ తొంభై మూడే.

మా నాన్న మాలకొండయ్య
చీమకుర్తిలో రాయి కోసేవాడు.
నల్లటి పలక మీద నీళ్లు చల్లి చుక్కలు చూపించేవాడు:
"ఇది నిదానంగా చల్లారిందంట పాపా,
జియాలజీ సారు చెప్పాడు.
అందుకే లోపల నక్షత్రాలు."
నిజమే. ఆ రాయికి ఎవరితోనూ పనిలేదు.
సున్నం పోసినా పలకదు.

తీగ రంపం రెండు వేళ్లు తీసుకెళ్లిన సాయంత్రమే
నాన్న చేతిలో నోట్ల కట్ట పెట్టారు,
కాగితం మీద బొటనవేలు వేయించుకున్నారు.
చల్లబడ్డాడన్నారు ఊళ్లో.

తొమ్మిదేళ్లకి,
తమ్ముణ్ణి అదే క్వారీకి పిలవడానికి
మేస్త్రీ వచ్చి మా మంచమ్మీద కూర్చున్నాడు.
నాన్న మూడు వేళ్లతో
తమలపాకుకి సున్నం రాస్తున్నాడు.
తలెత్తి ఒక్క మాటన్నాడు.
మేస్త్రీ చెప్పులు వేసుకోవడం మర్చిపోయాడు.
ఆ మాట మా ఇంట్లో ఇంకా గట్టిపడుతూనే ఉంది.

మూడో వ్యాగన్ వెనక్కి అని రాశాను.
చెడ్డదేం కాదు, రోడ్ల కింద పరుచుకోవచ్చు.
దాని చోటు అది వెతుక్కుంది, అంతే.

మిగతా వాటి పొడితో ఘనాలు పోశాను.
ఏడో రోజుకి ఇవేమీ చెప్పవు.
మేనేజరు మొహం చిట్లిస్తాడు,
ఏటా చిట్లిస్తూనే ఉంటాడు.

కాలేషా టీ తెచ్చాడు, బాగా వేడి.
ఊదకుండా తాగాను.
నీళ్ల తొట్టిలో ఘనాల మీద
తేదీ రాసి మూత పెట్టాను.
ఇరవై ఎనిమిదో రోజు నాకు సెలవు.
అయినా వస్తాను.