వాళ్లు

గడ్చిరోలి కోర్టుల నాకు కుర్చీ లేదు.
బోనుకూ బల్లకూ నడుమ
ఒక మనిషి పట్టేంత జాగల నిలబడుత.
పూటకు నూట యాభై, బస్సు కిరాయి వేరే.
ఓచర్ల పేరు: దుర్గం రాజుబాయి, సిరొంచ.
పని: దుబాసీ.

మాడియా మా అమ్మమ్మ అడవినుంచి తెచ్చుకున్నది.
తెలుగు ప్రాణహిత ఒడ్డుది.
మరాఠీ బడిల తిన్న బెత్తం దెబ్బలది.
మూడూ ఒకే నోట్ల కాపురముంటయి,
ఒకదాని కుండల ఒకటి చెయ్యి పెట్టకుండ.

ఆ రోజు ముద్దాయి తెరమీద ఉన్నడు.
నాగ్‌పూర్ జైలుల ఒక నీలం గోడ,
గోడకు ఆనుకొని తలండి లాల్సు.
పెదవులు ముందు కదిలినయి, మాట వెనుక వచ్చింది,
వాగు అవతల కట్టె కొట్టేటోని గొడ్డలి
దిగినంక గాని చప్పుడు వినబడనట్టు.

తొమ్మిదేండ్లల అరవై ఒక్క తారీఖులు.
కొన్నిటికి జీపు లేదు, కొన్నిటికి ఎస్కార్టు లేదు.
ఒకసారి వాగులు పొంగినయి.
ఒకసారి జడ్జి సారే మారిండు.
మిగిలినన్నిటికీ దుబాసీ లేదు.

యుద్ధం అని ఏ కాగితంల కూడ లేదు.
బాటకింద మందుపాతరలుంటయి,
ఇసుకబస్తాల చాటున ఠాణా ఉంటది,
హెలికాప్టర్ చప్పుడుకు కోళ్లు గంపకిందికి ఉరుకుతయి.
అయినా యుద్ధం లేదు,
లేదు గనుక యుద్ధఖైదీ లేడు,
వాన్ని ఎట్ల చూసిన్రని అడిగేటోడూ లేడు.
ఉన్నది ఒక సెక్షను.
దానికింద ఒక మనిషి.

సర్కారు వకీలు పాత వాంగ్మూలం చదివిండు:
"నక్సలైట్లు వచ్చిన్రు. అన్నం పెట్టిన."
కింద వేలిముద్ర,
సిరా ఎక్కువై చెదిరిన నల్ల సుడి.

జడ్జి సారు అడుగుమన్నడు. అడిగిన.
లాల్సు చెప్పిండు:
రాత్రి వాళ్లు వచ్చిన్రు. ఆకలన్నరు. జావ పోసిన.
తెల్లారి వాళ్లు వచ్చిన్రు. ఎందుకు పోసినవన్నరు.
చేతులు వెనుకకు కట్టిన్రు.

వాళ్లంటే ఎవరు, అని వకీలు.
వాళ్లే, అని లాల్సు.
ఆకుపచ్చ బట్టలు. బూట్లు. తుపాకులు.
ముందుగాల వచ్చినోళ్లవీ అవే,
వెనుక వచ్చినోళ్లవీ అవే.
మా కుక్క రెండుసార్లూ మొరిగింది.

నేను మరాఠీలకు ఒక్క మాటే మోసిన: 'తే'.
వాళ్లు. అంతే.
వకీలు మొకం ఎర్రబడ్డది:
సరిగ తర్జుమా చెయ్యి బాయీ.
సరిగనే చేసిన సారూ.
తొమ్మిదేండ్ల కింద ఠాణాల ఎవరో
ఈ మాటకు పేరు పెట్టిండు,
పుట్టిన పిల్లకు పెట్టినంత సులువుగ.

నా నోటిదాంక కూడ ఒక పేరు వచ్చింది.
మా తమ్ముని వాకిట్ల కాల్చిపోయిన 'వాళ్లు' ఎవరో
నాకు తెలుసు.
ఇక్కడ చెప్పను.
ఆ రోజూ చెప్పలేదు. మింగి,
చీరకొంగుతోని మూతి తుడుచుకున్న.

తీర్పు దీపావళి దాటినంక వచ్చింది. నిర్దోషి.
ఆ ఒక్క మాటను మాడియాల చెప్పడానికి
నాకు మూడు ముక్కలు పట్టినయి.
మొదటిది: ఇంటికి పో.
మిగిలిన రెండూ అతను వినలేదు.

వారానికి ముద్దెమాలు తీసుకోను కోర్టుకు వచ్చిండు.
తెరమీదికంటే పొట్టి మనిషి.
లక్కముద్ర పగలగొడితే సంచిల
దువ్వెన, అగ్గిపెట్టె, పొగాకు డబ్బ,
తునికాకు కూలి, ఐదువందల నోటు.
పాతది.
ఇది చెల్లదని చెప్పు, అన్నడు గుమాస్త.
చెప్పిన.

లాల్సు నోటును కిటికీ వెలుగుకు పట్టిండు.
చిరగలేదు. తడవలేదు. చెద పట్టలేదు.
ఎవరు చెల్లదన్నది, అని అడిగిండు.

వాళ్లు, అన్న.

తెలిసిన ఊరి పేరు విన్నట్టు తలూపిండు.

అహేరి బస్సుల కిటికీ పక్కన కూర్చొని
నోటును నాలుగు మడతలు పెట్టి
పొగాకు డబ్బల దాచి
మూత గట్టిగ నొక్కిండు.
కండక్టరు వచ్చి ఎంతమంది అన్నడు.
నా ఓచరు ఇంక పాసు కాలేదు.
రెండు టికెట్లు తీసుకున్న.