కింది నుంచి వెలుగు

నా పేరు రాసా.
మా భాషలో మంచుబొట్టు.
జూన్ నెల తెల్లవారుజామున, గడ్డి ఇంకా తడిగా ఉండగా పుట్టానని
మా నానమ్మ పెట్టింది.

ఐస్‌లాండ్‌ చేపల ఫ్యాక్టరీలో మొదటి రోజు
ఆ పేరే చెప్పాను.
కత్తులు ఆగాయి.
ఒకరి భుజం మీద ఒకరు వాలి కిసుక్కుమన్నారు.
మేస్త్రీ హల్‌గ్రీమూర్ మాత్రం గొంతు సవరించుకుని
నా కాలికి సరిపోయే బూట్లు వెతకసాగాడు.
నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది:
ఇక్కడివాళ్ళ చెవికి అది పిర్ర.
ఆ మూడు నెలలూ
పోస్టాఫీసులో, బ్యాంకులో, పళ్ళ డాక్టరు దగ్గర
స్పష్టంగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పాను.

కౌనస్‌లో ట్రాలీబస్సు నడిపేదాన్ని,
పదకొండేళ్ళు.
మలుపులో ఒక్కోసారి పైకొమ్ము తీగ మీంచి జారిపోయేది.
ఠప్పున దీపాలు ఆరేవి. బండినిండా జనం ఉస్సురనేవాళ్ళు.
నేను దిగి, వెనక్కి నడిచి, తాడు పట్టి లాగి
కొమ్ముని మళ్ళీ తీగకి ఆనించేదాన్ని.
ఓ నిప్పురవ్వ రాలేది. అంతే, కదిలేవాళ్ళం.
అదంత పెద్ద విద్య కాదు.
వాన, తడిసిన గ్లౌజు, నెత్తిమీద కరెంటు,
అలవాటైతే ఏదీ పెద్ద విద్య కాదు.
అప్పు ఒక్కటే అలవాటు కాలేదు.
అందుకే పొట్ట చేతపట్టుకుని ఇంత ఉత్తరానికి.

ఇక్కడ నా పని వెలుగుబల్ల దగ్గర.
అడుగున దీపాలున్న తెల్లటి అద్దం.
దాని మీద కాడ్ చేప ముక్క పరిస్తే
మాంసం లోపల పురుగు నీడలా కనిపిస్తుంది,
ముడుచుకుని, కామా అంత.
కత్తిమొనతో తీసి పక్కన పెడతాను.
నవంబరు నెలాఖరున కొండ చాటుకెళ్ళిన సూర్యుడు
జనవరి చివరికి గానీ మా వీధి మొహం చూడడు.
ఆ రెండు నెలలూ నాకు వెలుగు కింది నుంచే,
చేప గుండా.
పక్కన నిలబడ్డ నెనీతాకి గడ్డం వెలిగేది,
కళ్ళు చీకట్లో ఉండేవి.

సూర్యుడొచ్చిన రోజు
పక్కింటి స్టేన్‌వర్ ముసలమ్మ పల్చటి అట్లు పోసి,
పంచదార చల్లి, చుట్టి తెచ్చింది.
ఊరంతా అదే తిని కాఫీ తాగుతుందట ఆ పూట.
"అదిగో," అంది.
నా కిటికీ మీద బెత్తెడు వెలుగు, ఏడు నిమిషాలు.
ఇల్లు సరిగ్గా తుడవడం లేదని
ఇద్దరం ఒకేసారి చూశాం.

రెండో ఏడు మార్చిలో కొత్తవాడొచ్చాడు, ఘనా నుంచి.
బూట్లు ఇంకా బిగుసుకోలేదు.
"నా పేరు కూకూ. బుధవారం పుట్టినవాణ్ణి," అన్నాడు.
ఎవరో ఫక్కున నవ్వారు.
కత్తులింకా ఆగనేలేదు.

నవ్వింది నేను.

ఇక్కడి పసిపిల్లలు చెంబుకుర్చీ మీద కూర్చుని
అమ్మని కేకేసే మాట అది, కాస్త అటూ ఇటూగా.
వినగానే అర్థమైపోయింది.
మధ్యలో మా భాష అడ్డం రాలేదు.
నన్నడక్కుండా ఈ చెవి ఎప్పుడు సామాను సర్దుకుందో.

మూడు నెలలు ఆగనివ్వలేదు అతన్ని.
పదింటి కాఫీకే పక్కకి పిలిచి చెప్పేశాను,
ముందు నా పేరు సంగతి, తర్వాత అతనిది.
కాసేపు కప్పులోకి చూశాడు.
"అయితే మా ఊళ్ళో బుధవారం పుట్టిన మగాళ్ళందరూ అదేనన్నమాట,
మా పాస్టరు గారితో సహా."
నెనీతా నోట్లో కాఫీ బల్ల పాలయింది.

గంట మోగింది.
గ్లౌజులు ఇచ్చి, నా పక్కన నిలబెట్టుకుని
కత్తి ఏ వాలున పట్టాలో చూపించాను.
ఇదంత పెద్ద విద్య కాదన్నాను.
స్విచ్చి నొక్కాను.
అతని గడ్డం వెలిగింది.